బడి ఈడు వచ్చిందా?

పుదుచ్చేరి ఊళ్లో 2022 నవంబరులో పుట్టిన పాప ఒకతె ఉందనుకుందాం. అమ్మానాన్నలు యానాం నుంచి ఉద్యోగం మీద వచ్చినవాళ్లు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం. పాపను బడిలో ఎప్పుడు వేయాలని అడిగితే ఈ ఒక్క ఊళ్లోనే రకరకాల జవాబులు వస్తాయి. సముద్రం ఒడ్డునున్న ఫ్రెంచి లిసే 1826లో మొదలైన బడి. అక్కడ నడిచేది ఫ్రాన్సు లెక్క. ఏ క్యాలెండరు సంవత్సరంలో బిడ్డకు మూడేళ్లు నిండుతాయో ఆ సంవత్సరం సెప్టెంబరులోనే శిశు తరగతి మొదలవుతుంది. ఆ లెక్కన ఈ పాపకు 2025 సెప్టెంబరుకే, అంటే రెండేళ్ల పది నెలలకే, బడి ఈడు వచ్చేసినట్టు. ఫ్రాన్సులో 2019 నుంచి మూడేళ్ల పిల్లలకూ చదువు చట్టప్రకారం తప్పనిసరి కూడా. అదే బాలవాటిక తరగతులు నడిపే కేంద్రీయ విద్యాలయంలో అయితే మార్చి 31 నాటికి మూడేళ్లు నిండి ఉండాలి కాబట్టి 2026 ఏప్రిల్ దాకా ఆగాలి.

ఒకటో తరగతి దగ్గరకొచ్చేసరికి తేడా ఇంకా పెరుగుతుంది. చుట్టూ ఉన్న తమిళనాడు పద్ధతిలో ఐదేళ్లు నిండితే చాలు. ఈ పాప 2028 జూన్‌లో ఐదేళ్ల ఏడు నెలలకే ఒకటో తరగతిలో కూర్చుంటుంది. ఫ్రెంచి లెక్కలో అదే ఏడాది సెప్టెంబరు. కేంద్రీయ విద్యాలయంలో ఆరేళ్లు నిండాలి గనుక 2029 ఏప్రిల్. ఒకే పాప, ఒకే ఊరు, మొదటి గడియారానికీ చివరి గడియారానికీ పది నెలల తేడా. ఏ బడీ ఈ పిల్లను చూసి గీసిన గీత కాదిది. కాయితాల సౌకర్యం కోసం గీసుకున్న గీత. పాటించక తప్పదు గానీ, పిల్ల సిద్ధంగా ఉందో లేదో ఆ గీత చెప్పదు.

అయినా లెక్క ముందే వేసుకోవాలి, అదీ వెనక నుంచి. ఏ బడిలో ఒకటో తరగతి చదివించాలనుకుంటున్నారో దాని వయసు నిబంధన ఏమిటో చూసుకుని, అక్కణ్ణుంచి యూకేజీ, ఎల్‌కేజీ, ప్రీకేజీ అంటూ వెనక్కి రావాలి. 2020 జాతీయ విద్యావిధానం మూడు నుంచి ఆరేళ్ల దాకా మూడేళ్ల ఆటపాటల చదువు, ఆరో ఏడు నిండాక ఒకటో తరగతి అన్నది. కేంద్రీయ విద్యాలయాలు 2022లో ఈ ఆరేళ్ల నిబంధన తెచ్చినప్పుడు కొందరు తల్లిదండ్రులు కోర్టుకు వెళ్లారు, సుప్రీంకోర్టు దాకా వెళ్లినా నిబంధన మారలేదు. కర్ణాటకలో ఆరేళ్ల నిబంధన పెట్టి, అప్పటికే తొందరపడి చిన్న వయసులో ఎల్‌కేజీలో చేరి యూకేజీ ముగించిన పిల్లలు ఎటూ కాకుండా మిగిలిపోతుంటే 2025లో ఒక్క ఏడాదికి ఐదేళ్ల ఐదు నెలలకు సడలించాల్సి వచ్చింది. ముందు వేసినందుకు చివర్లో ఒక ఏడాది ఖాళీగా కూర్చోవలసి రావడం ఏ పిల్లకూ మంచిది కాదు. పుదుచ్చేరి, కారైకాల్ ప్రభుత్వ బళ్లు ఒకప్పుడు తమిళనాడు పాఠాలు, యానాం బళ్లు ఆంధ్ర పాఠాలు చెప్పేవి. 2024 నాటికి అన్నీ సీబీఎస్‌ఈకి మారాయి. బదిలీల మీద తిరిగే కుటుంబాలకు ఇది కొంత వెసులుబాటే. అయినా చేర్చుకునే వయసు మాత్రం ఏ బడికాబడిని అడిగి తెలుసుకోవలసిందే.

ఇక అసలు విషయం. మొదటిరోజు బడి పిల్లను నాలుగు పనులు అడుగుతుంది. అమ్మ లేకుండా కొన్ని గంటలు ఉండగలగాలి. కొత్త మనిషికి తన అవసరం తెలియజెయ్యగలగాలి. ఇరవై మందిలో ఒకరుగా మసలగలగాలి. తన ఒంటి పనులు కొంతవరకు తనే చూసుకోవాలి. ఏబీసీడీలు, అంకెలు ఈ నాలుగింటి తరవాతే. కానీ మన ఇళ్లలో లెక్క తలకిందులుగా ఉంది. చుట్టాలొస్తే పిల్లను నిలబెట్టి వంద దాకా అంకెలు చెప్పిస్తాం, "మా పాప రెడీ అయిపోయింది" అంటాం. ఆ పాపే బడిలో దాహమైతే నీళ్లడగలేక సీసా మూత రాక మధ్యాహ్నం దాకా నోరెండి కూర్చుంటుంది.

దూరంగా ఉండడం ముందు చూద్దాం. అమెరికా రోగ నియంత్రణ కేంద్రం పిల్లల ఎదుగుదల మీద ఒక జాబితా ఇస్తుంది, దాన్ని 2022లో సవరించారు. ఏ వయసు కింద రాసినది ఆ వయసుకు నూటికి 75 మంది పిల్లలైనా చేసే పని అయ్యుండాలని అందులో నియమం పెట్టుకున్నారు. మూడేళ్ల పిల్లల గురించి అందులో ఉన్నదేమిటంటే, మీరు వదిలి వెళ్లాక పది నిమిషాల్లో సర్దుకోవడం. ఏడవకపోవడం అని లేదు, సర్దుకోవడం అని ఉంది. గేటు దగ్గర ఏడ్చే పిల్ల సిద్ధంగా లేదనుకోవద్దు. వెళ్లిపోయాక ఏమవుతుందన్నది కావాలి. దీన్ని ఇంట్లోనే చూడొచ్చు. పిన్ని దగ్గరో, పక్కింటి అక్క దగ్గరో గంటసేపు ఉంచి చెప్పే వెళ్లండి, చెప్పకుండా జారుకోవద్దు. తిరిగొచ్చి ఎంతసేపు ఏడ్చింది, దేనితో మళ్లింది, ఏమైనా తిందా అని అడగండి. మూడు నాలుగుసార్లు ఇలా చేస్తే మీకే ఒక అంచనా వస్తుంది. ఊరొదిలి వచ్చిన కుటుంబాల్లో ఒక చిక్కుంది. యానాం ఇక్కడికి 870 కిలోమీటర్లు. అమ్మమ్మా నాయనమ్మా అక్కడే ఉండిపోతే, ఈ ఊళ్లో పిల్ల పుట్టినప్పటి నుంచి అమ్మానాన్నలు తప్ప మూడో మనిషి చేతిలో ఉండి ఎరగదు. అలాంటి పిల్లకు బడే మొదటి ఎడబాటు అవుతుంది. అది పిల్ల లోపం కాదు, అలవాటు పడే అవకాశం రాలేదు, అంతే. రెండు మూడు నెలల ముందు నుంచే ఆ అవకాశం మనమే కల్పించాలి.

తర్వాత భాష. ఈ ఊళ్లో ఉన్న తెలుగువాళ్లు ఎక్కువగా పొరపాటుపడేదీ, నేను ఎక్కువసేపు చెప్పాలనుకునేదీ ఇక్కడే. పిల్ల భాషను ఇంగ్లీషులో కొలవకండి. తమిళంలోనూ కొలవకండి. తెలుగులో కొలవండి. "వాట్ ఈజ్ యువర్ నేమ్" అంటే జవాబు చెప్పిందా లేదా అన్నది నేర్పిన చిలకపలుకు. దానివల్ల పిల్ల బుర్ర గురించి మీకేమీ తెలియదు. "నిన్న బీచికి వెళ్లాం కదా, అక్కడేమైంది?" అని తెలుగులో అడిగి చూడండి. "కుక్క వచ్చింది. నేను భయపడి నాన్న వెనక దాక్కున్నాను. నాన్న పో అంటే పోయింది" అని నాలుగేళ్ల పిల్ల చెప్పిందంటే అందులో ఎంతుందో చూడండి. ఒకదాని తర్వాత ఒకటి జరిగిన వరస ఉంది. భయపడి అన్నప్పుడు రెండు పనుల్ని ఒక మాటలో ముడివేయడం ఉంది. అంటే అన్నప్పుడు కారణమూ ఫలితమూ తెలియడం ఉంది. నేను అన్నప్పుడు దాక్కున్నాను అని, కుక్క అన్నప్పుడు వచ్చింది అని క్రియను మార్చడం ఉంది. రేపు బడిలో కథ విని అర్థం చేసుకోవడానికి, టీచరు చెప్పిన రెండు మాటల పని చేయడానికి కావలసిన సామగ్రి మొత్తం ఇదే. అది ఏ భాషలో ఉన్నా ఉన్నట్టే. ఒక భాషలో ఉన్నది రెండో భాషలోకి వచ్చి తీరుతుంది.

మూడేళ్లకు పిల్ల మీతో రెండు మూడు సార్లు మాట అటూ ఇటూ నడపగలగాలి. తన పేరు చెప్పగలగాలి. ఎవరు, ఏది, ఎక్కడ, ఎందుకు అని మిమ్మల్ని వేధించాలి. కొత్తవాళ్లకు కూడా చాలామటుకు అర్థమయ్యేలా పలకాలి. నాలుగేళ్లకు నాలుగు మాటలైనా ఉన్న వాక్యాలు రావాలి. రైలును లైలు అనడం, ళకారం పలకకపోవడం ఆ వయసులో ఫరవాలేదు. మూడు భాషల మధ్య పెరిగే పిల్ల పాలు తెలుగులో, నీళ్లు తమిళంలో, బంతి ఇంగ్లీషులో అంటే కంగారుపడకండి. లెక్కపెట్టేటప్పుడు మూడు భాషల మాటలూ కలిపి లెక్కపెట్టాలి. రెండు భాషలు వినడం వల్ల పిల్లలకు మాటలు ఆలస్యమవుతాయని చాలామంది నమ్ముతారు, కొందరు టీచర్లు "ఇంట్లో కూడా ఇంగ్లీషే మాట్లాడండి" అని సలహా ఇస్తారు. ఆ సలహా వినకండి. అమ్మకు సరిగ్గా రాని భాషలో అమ్మ పిల్లతో మాట్లాడితే, పిల్లకు దొరికేది పొట్టి పొట్టి ఆజ్ఞలే. కమ్, సిట్, ఈట్. కథలూ కబుర్లూ బుజ్జగింపులూ ఎందుకు అన్నదానికి జవాబులూ అన్నీ ఎండిపోతాయి.

కొత్త భాష వినపడే బడిలో చేరిన పిల్లలు చాలామంది కొన్ని వారాలు, ఒక్కోసారి కొన్ని నెలలు అక్కడ నోరు విప్పరు. వింటూ ఉంటారు. ఇంటికొచ్చి తెలుగులో వాగుతూ, ఆడుతూ ఉంటే అది సహజం. "మీ పిల్ల క్లాసులో ఏమీ మాట్లాడదు" అని బడి కబురు పెట్టినా ఈ తేడా గుర్తుంచుకోండి. ఇంట్లో కూడా మాట తగ్గిపోయినా, భాష వచ్చాక కూడా నెలల తరబడి బడిలో పెదవి కదపకపోయినా అప్పుడు ఎవరికైనా చూపించాలి.

ఇంటి భాషే ముందన్న మాట ఈ ఊళ్లో చెప్పడానికి ఒక ప్రత్యేక కారణం ఉంది. శ్రీ అరవిందుల్ని ఐదేళ్లకే డార్జిలింగ్‌లోని ఇంగ్లీషు కాన్వెంటుకు, ఏడేళ్లకు ఇంగ్లండుకు పంపేశారు. సొంత భాషైన బెంగాలీని ఆయన పెద్దయ్యాక కూర్చుని నేర్చుకోవలసి వచ్చింది. 1910 ఏప్రిల్ 4న పుదుచ్చేరిలో అడుగుపెట్టడానికి ముందు, కలకత్తాలో ఉండగా ఆయన చదువు మీద రాసిన వ్యాసాల్లో తల్లిభాషే పిల్లల చదువుకు తగిన మార్గమని, ముందు ఆ భాషలో పిల్లకు పట్టు చిక్కనివ్వాలని, పిల్లల్లో సహజంగా ఉండే ఊహ, మాటల మీది ఇష్టం, కథ మీది మోజు అన్నవాటినే ఆసరా చేసుకోవాలని వాదించారు. ఉపాధ్యాయుడు ఆజ్ఞాపించేవాడు కాదు, సాయపడేవాడు అన్నది అందులో మొదటి సూత్రం. 1943 డిసెంబరు 2న అరవిందుల ఆశ్రమంలో శ్రీమాత మొదలుపెట్టిన బడి ఆ ఆలోచన మీదే పెరిగింది. ఆ బడిలో వేసినా వేయకపోయినా ఆ మాట మన ఇంటికి పనికొస్తుంది.

ఆ నాలుగు పనుల్లో లేకపోయినా, చేతి సంగతి కూడా చెప్పాలి. మూడేళ్ల పిల్ల చేత గీతల కాపీ పుస్తకంలో అక్షరాలు దిద్దించడం ఇప్పుడు మామూలైపోయింది. పెద్దవాళ్ల మణికట్టులో ఎనిమిది చిన్న ఎముకలుంటాయి. మూడేళ్ల పిల్ల మణికట్టు ఎక్స్‌రే తీస్తే వాటిలో మూడు నాలుగు మాత్రమే కనిపిస్తాయి. మిగతావి ఇంకా మెత్తటి మృదులాస్థిగానే ఉంటాయి. వేళ్ల పట్టు కూడా మెల్లగా వస్తుంది. మొదట పిడికిలితో రంగుబలపం పట్టుకుంటుంది. నాలుగేళ్ల ప్రాంతంలో వేళ్లూ బొటనవేలూ కలిపి పట్టుకోవడం వస్తుంది. మూడేళ్లకు మీరు గీసి చూపిస్తే సున్నా గీసిందంటే చాలు. పూసలు దారానికి గుచ్చడం, చపాతీ పిండి ముద్దలు చేయడం, బఠానీలు ఒలవడం, గుండీలు విప్పడం, ముగ్గు చుక్కలు పెట్టడం, ఇవన్నీ రాతకు పునాదులే. ఇంట్లో పిల్లతో గుజ్జనగూళ్లు ఆడించండి. ఉత్తగిన్నెలో అన్నం వండి బొమ్మకు తినిపించి "వేడిగా ఉంది, ఊదుకో" అనే పిల్ల లేనిదాన్ని ఉన్నట్టు ఊహిస్తోంది. ఒక గీతను చూసి అది ఒక ధ్వని అనుకోవడానికి కావలసింది కూడా ఆ ఊహే.

అక్షరాభ్యాసం చేయించాం కదా, బడిలో వేసేయొచ్చు కదా అంటారు కొందరు పెద్దలు. పాత ఆనవాయితీలో అది ఐదో ఏట జరిగే వేడుక. బాసరలోనో ఇంట్లోనో విజయదశమి నాడు పళ్లెంలో బియ్యం పోసి తాత ఒడిలో కూర్చోబెట్టి రాయించడం పిల్లకు చదువు మీద ప్రేమ కలిగించే మంచి పద్ధతి. చేయించండి. కానీ అది పిల్ల వేళ్ల పరీక్ష కాదు. కిండర్‌గార్టెన్ అనే బడికి ఆద్యుడైన జర్మన్ ఉపాధ్యాయుడు ఫ్రోబెల్ 1837లో దాన్ని మొదలుపెట్టినప్పుడు అందులో ఉన్నవి బంతులు, చెక్కదిమ్మలు, పాటలు, తోటపని. ఆయన పేరు పెట్టిన తరగతిలో ఇవాళ మూడేళ్ల పిల్లకు హోమ్‌వర్కు ఇస్తున్నాం.

పదిమందిలో మసలడం చూడాలంటే ఇల్లు చాలదు. సాయంత్రం ఆరు దాటాక బీచి రోడ్డు మీద బండ్లు ఆపేస్తారు. పిల్లను వదిలి కాస్త దూరంగా నిలబడి చూడడానికి అంతకంటే మంచి చోటు ఈ ఊళ్లో లేదు. భారతి పార్కులో జారుడుబల్ల దగ్గరైనా సరే. ఇంకో పిల్ల ఆడుతుంటే దగ్గరికి వెళ్తుందా? పక్కనే నిలబడి చూస్తుందా? అదీ చేరడమే, సిగ్గరి పిల్లలు అలాగే మొదలుపెడతారు. తన వంతు వచ్చేదాకా, మీరు పక్కనుండి చెబితేనైనా, ఆగగలదా? బంతి లాక్కుంటే కొడుతుందా, ఏడుస్తుందా, మీ దగ్గరికొచ్చి చెబుతుందా? మూడేళ్లకు మూడూ మామూలే. నాలుగేళ్లకు చెప్పడం పెరిగి కొట్టడం తగ్గుతూ ఉండాలి. ఐదేళ్లకు ఒక పని మీద ఐదు నుంచి పది నిమిషాలు నిలవగలగాలి. అందులో ఫోను చూడడం లెక్కలోకి రాదు. ఫోను ముందు గంటసేపు కదలకుండా కూర్చున్న పిల్లకు ఏకాగ్రత ఉందనుకోవడం పొరపాటు. అక్కడ పిల్ల నిలవడం లేదు, తెర నిలబెడుతోంది. రెండు నుంచి ఐదేళ్ల వాళ్లకు రోజుకు గంట మించి తెర వద్దని పిల్లల వైద్యులు చెబుతున్నారు.

ఒంటి పనుల గురించి త్వరగా చెబుతాను గానీ, చిన్నచూపు చూడకండి. బడి మానేస్తానని పిల్ల మొరాయించడానికి చాలాసార్లు కారణం పాఠం కాదు, బాత్‌రూమ్. వస్తోందని ముందుగా చెప్పగలగాలి, లాగు కిందికి లాగగలగాలి. కాబట్టి బిగుతు జిప్పులూ బెల్టులూ వద్దు, ఎలాస్టిక్ నడుమున్న బట్టలే వెయ్యండి. ఇంట్లో ఏ రకం మరుగుదొడ్డి ఉందో బడిలో అదే ఉంటుందని లేదు. ముందే వెళ్లి చూసి, రెండోదీ అలవాటు చేయండి. డబ్బా మూత తీసుకోవడం, తనంత తాను తినడం నేర్పండి. మూడు నుంచి ఐదేళ్ల పిల్లకు పగటి కునుకుతో కలిపి రోజుకు పది నుంచి పదమూడు గంటల నిద్ర కావాలి. రాత్రి పదకొండుకు పడుకునే ఇంట్లో పిల్లను పొద్దున ఏడుకు లేపి బడికి పంపితే, టీచరుకు కనిపించేది సిద్ధంగా లేని పిల్ల. నిజానికి అది నిద్రచాలని పిల్ల.

తమిళం రాని పిల్ల అయితే ఆయా దగ్గర చెప్పుకోవడానికి నాలుగు మాటలు నేర్పండి. తణ్ణి వేణుం, బాత్‌రూమ్ పోగణుం, వలిక్కుదు, అమ్మా వేణుం. నీళ్లు, దొడ్డి, నొప్పి, అమ్మ. ఆట మాదిరిగా బొమ్మతో అనిపించండి. ఈ నాలుగూ వస్తే పిల్లకు మొదటి నెల గడుస్తుంది. ఇంగ్లీషు పద్యాలు పది నేర్పడం కంటే ఇది ఎక్కువ పనికొస్తుంది.

ఇప్పటిదాకా పిల్ల వైపు చూశాం. బడి వైపు కూడా చూడాలి, ఎందుకంటే సిద్ధంగా ఉండవలసింది ఒక్క పిల్లే కాదు. ఒకే పిల్ల పదిహేను మందున్న తరగతిలో హాయిగా ఉంటుంది, నలభై మందున్న తరగతిలో ముడుచుకుపోతుంది. ప్రైవేటు ప్లేస్కూళ్ల కోసం జాతీయ బాలల హక్కుల రక్షణ సంఘం ఇచ్చిన మార్గదర్శకాల్లో మూడేళ్ల లోపు పిల్లల్ని చేర్చుకోకూడదని, ఇరవై మందికి ఒక టీచరూ ఒక ఆయా ఉండాలని, రోజుకు మూడు నాలుగు గంటలు చాలని ఉంది. ఫారం కొనేముందు బడికి వెళ్లి, ఆఫీసు గదిలో కాకుండా తరగతి గది గుమ్మంలో పది నిమిషాలు నిలబడనిమ్మని అడగండి. పిల్లలు నేల మీద ఉన్నారా, బెంచీల మీద వరసల్లో ఉన్నారా? గోడ మీది బొమ్మలు పిల్లలు వేసినవా, దుకాణంలో కొన్నవా? ఎవరైనా ఏడుస్తుంటే టీచరు ఏం చేస్తోంది? మొదటి వారం అమ్మను కాసేపు లోపల ఉండనిస్తారా? తెలుగు పిల్ల తెలుగులో ఏదైనా అంటే ఏం చేస్తారు? ఈ చివరి ప్రశ్నకు "ఇక్కడ ఇంగ్లీషు తప్ప మాట్లాడనివ్వం" అని గర్వంగా జవాబొస్తే ఆ బడి మీ పిల్లకు సిద్ధంగా లేదు. 2022 అక్టోబరులో కేంద్రం విడుదల చేసిన మూడు నుంచి ఎనిమిదేళ్ల పిల్లల పాఠ్యప్రణాళిక చట్రం కూడా వీలైనంతవరకు ఇంటి భాషలోనే, ఆట మార్గంలోనే నేర్పమంటుంది.

పిల్లకు పరీక్ష పెట్టి చేర్చుకుంటామనే బళ్ల గురించి ఒకమాట. 2009 విద్యాహక్కు చట్టం 13వ సెక్షన్ ప్రవేశానికి పిల్లకు గానీ తల్లిదండ్రులకు గానీ వడపోత పరీక్ష పెట్టడాన్ని నిషేధించింది. మొదటిసారి తప్పుకు 25 వేల రూపాయల దాకా, ఆ తర్వాత ప్రతిసారీ 50 వేల దాకా జరిమానా. ఆ చట్టం ముఖ్యంగా ఆరు నుంచి పద్నాలుగేళ్ల వాళ్లది, ఆరేళ్ల లోపు తరగతులకు ఎంతవరకు వర్తిస్తుందన్న దాని మీద కోర్టుల్లో వాదాలు నడిచాయి. చట్టం సంగతి ఎలా ఉన్నా, కొత్త గదిలో కొత్త మనిషి అడిగితే మూడేళ్ల పిల్ల నోరు తెరవకపోవడం దాని తెలివి గురించి ఏమీ చెప్పదు. కొత్తవాళ్లను చూసి జాగ్రత్తపడడం ఆ వయసుకు మంచి లక్షణం. అందుకే ఇంటర్వ్యూలో తప్పిన పిల్లను ఇంటికొచ్చి తిట్టకండి.

కొన్ని సంగతులు మాత్రం "ఇంకో ఏడాది చూద్దాం" అని వదిలేయకూడదు. మూడేళ్లు దాటినా చిన్న వాక్యాలు రాకపోవడం, పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడకపోవడం, కళ్లలోకి చూడకపోవడం, ఇతర పిల్లల మీద ఏ ఆసక్తీ లేకపోవడం, నడకలో తరచూ పడిపోవడం, మెల్లకన్ను, టీవీ శబ్దం పెంచమని అడగడం. అన్నిటికంటే ముఖ్యం, ఒకసారి వచ్చిన మాటో పనో పోవడం. అది ఏ వయసులోనైనా వెంటనే చూపించవలసిందే. మాట ఆలస్యమైన ప్రతి పిల్లకూ మొదట వినికిడి పరీక్ష చేయించాలి, చెవిలో తరచూ చీము వచ్చే పిల్లలైతే మరీ. "వాళ్ల నాన్నకీ ఆలస్యంగానే వచ్చాయి" అన్న అత్తగారి మాట నిజమే కావచ్చు, పరీక్ష చేయించి నిజమని తేల్చుకుంటే నష్టం లేదు. ఈ ఊరికి ఈ విషయంలో అదృష్టం ఉంది. 1823 నాటి ఫ్రెంచి వైద్య పాఠశాల వారసత్వంతో 1964లో జిప్మర్‌గా మారిన పెద్దాసుపత్రి ఊళ్లోనే ఉంది. తెలుగు తెలిసిన వైద్యులూ అక్కడ దొరుకుతారు. 2013 నుంచి దేశమంతా నడుస్తున్న బాల స్వాస్థ్య కార్యక్రమం కింద అంగన్‌వాడీల్లోనూ ప్రభుత్వ బళ్లలోనూ పిల్లల ఎదుగుదలను ఉచితంగా పరీక్షిస్తారు. ఇలా సాయం అవసరమైన పిల్లను ఇంట్లో దాచి ఒక ఏడాది ఆపడం మంచి చేయదు. వైద్యం జరుగుతూ ఉండగానే మంచి బడికి వెళ్లడం మంచి చేస్తుంది.

మిగిలిన ప్రశ్న అందరికీ వచ్చేది. గీతకు అంచున పుట్టిన పిల్లను ఈ ఏడు వేయాలా, వచ్చే ఏడా? తరగతిలో అందరికంటే చిన్నవాళ్లయిన పిల్లలకు నిజంగా ఒక కష్టం ఉంది. అమెరికాలో సెప్టెంబరు 1 గీతగా ఉన్న రాష్ట్రాల్లో, ఆగస్టులో పుట్టి తరగతిలో అందరికంటే చిన్నవాళ్లయిన పిల్లలకు సెప్టెంబరులో పుట్టినవాళ్ల కంటే అతిచురుకుదనం జబ్బు ఉందని ముద్ర పడడం 34 శాతం ఎక్కువని 2018లో అచ్చయిన పరిశోధన చూపింది. జబ్బు నెలను బట్టి రాదు కదా. పక్కన కూర్చున్నవాళ్లకంటే పదకొండు నెలలు చిన్నవాడైన పిల్లాడి చిన్నతనాన్నే చాలాచోట్ల జబ్బుగా చూశారన్నమాట. డెన్మార్క్‌లో ఒక ఏడాది ఆలస్యంగా చేరిన పిల్లలకు ఏడేళ్ల వయసులో నిలకడ మెరుగ్గా ఉందని ఇద్దరు ఆర్థికవేత్తలు 2015లో తేల్చారు. ఫిన్లండులో ఏడేళ్లు నిండే సంవత్సరంలో గానీ ఒకటో తరగతి లేదు.

అయితే ఈ లెక్కలు ఇక్కడికి తెచ్చేటప్పుడు ఒక విషయం మరచిపోకూడదు. డెన్మార్క్‌లో ఆగిన పిల్ల ఆ ఏడాది ఖాళీగా లేదు. శిక్షణ ఉన్న మనుషుల మధ్య, ఇతర పిల్లలతో ఆడుకుంటూ శిశుకేంద్రంలో ఉంది. మన దగ్గర అద్దె ఇంట్లో తలుపు వేసుకుని, అమ్మ వంటింట్లో, పిల్ల ఫోను ముందు ఉంటే ఆ ఏడాది పిల్లకు ఏమీ ఇవ్వదు. కాబట్టి నా అభిప్రాయం ఇది. పిల్లకు మూడున్నర దాటలేదు, దూరంగా ఉండడం ఇంకా రాలేదు, ఇంట్లో మాట్లాడే మనుషులూ ఆడుకునే పిల్లలూ ఉన్నారంటే ఆగండి. ఒకటో తరగతి లెక్క కూడా సరిపోతుందేమో చూసుకుని మరీ ఆగండి. ఇంట్లో ఒంటరిగా ఉంటోందంటే ఆగడం కంటే మధ్యదారి మేలు. దగ్గర్లో అంగన్‌వాడీ గానీ, రోజుకు రెండు మూడు గంటలుండే ప్లేస్కూలు గానీ. అంగన్‌వాడీ పేదవాళ్లదని చిన్నచూపు వద్దు. 1975 నుంచి నడుస్తున్న ఆ వ్యవస్థలో పిల్లకు పదిమంది పిల్లలూ, తమిళం వినే చెవీ, నడిచిపోగల దూరమూ దొరుకుతాయి. నెల తక్కువగా పుట్టిన పిల్లలకు, చిన్నప్పుడు పెద్ద జబ్బు చేసిన పిల్లలకు ఆగడం గురించి పిల్లల డాక్టరుతో మాట్లాడి నిర్ణయించుకోండి. పక్కింటి పిల్ల చేరింది కాబట్టి, సీట్లు అయిపోతాయి కాబట్టి అన్నవి కారణాలు కావు.

చేర్చాక మొదటి ఆరు వారాలూ మీరు తీసుకున్న నిర్ణయానికి పరీక్ష. పొద్దున ఏడుపు రోజురోజుకీ తగ్గుతూ ఉంటే, ఇంటికొచ్చాక ఆకలిగా తిని ఆడుకుంటూ ఉంటే, టీచరు పేరో ఒక పిల్ల పేరో నోట వస్తూ ఉంటే అంతా బాగున్నట్టే. ఆరు వారాలైనా ఏడుపు తగ్గకపోతే, రాత్రి ఉలిక్కిపడి లేస్తుంటే, ఎప్పుడో మానేసిన పక్క తడపడం మళ్లీ మొదలైతే, తిండి తగ్గి ఒళ్లు తగ్గితే ముందు టీచరుతో మాట్లాడండి. బాత్‌రూమ్, భాష, భయపెట్టే ఇంకో పిల్ల, ఎవరైనా చెయ్యి చేసుకోవడం, ఈ వరసలో కారణం వెతకండి. కారణం దొరికి తీరితే కొనసాగించండి. తీరకపోతే బడి మాన్పించి ఆరు నెలలు ఇంట్లోనో చిన్న ప్లేస్కూల్లోనో ఉంచి వచ్చే ఏడు మళ్లీ చేర్చండి. కట్టిన ఫీజు పోతుంది, చుట్టాలు రెండు మాటలంటారు. మూడున్నరేళ్ల పిల్లకు అందువల్ల పోయే చదువు మాత్రం ఏమీ లేదు. చేర్చేముందే ఫీజు వెనక్కిచ్చే నిబంధన ఏమిటో బడి ఆఫీసులో రాతపూర్వకంగా అడిగి పెట్టుకోండి.